బల్ల మీదికి రాని రొట్టె

నేను రిటైరైన నాడు దవాఖానల శాలువ కప్పిండ్రు, లడ్డూలు పెట్టిండ్రు. కొత్తగ చేరిన నర్సు పిల్లలు నన్ను చుట్టుకొని, "అమ్మా, ఇన్నేండ్ల సర్వీసుల మీరు మర్చిపోని కేసు ఒకటి చెప్పుండ్రి" అని అడిగిండ్రు. నవ్వి ఊకున్న. నేను మర్చిపోని కేసు చెప్తే లడ్డూ తినే నోళ్లు చేదయితయి. ఇప్పుడు ఇంట్ల కూసోని రాస్తున్న. శాంతంగ రాయమని మా బిడ్డ మరీ మరీ చెప్పింది. బీపీ గోలి వేసుకొనే కూసున్న, ఎంతసేపు పని చేస్తదో చూద్దాం.

ఇది సూది కేసు కాదు, మందు కేసు కాదు. ఒక ఆడమనిషికి ఒక ముక్క రొట్టె అందలేదు. గంతే. గింత ముచ్చటకు అంత కోపమా అని అడిగితే, అవును బిడ్డా, అంత కోపమే.

నాది బీడీ కార్మికుల దవాఖానల నర్సు నౌకరి. దవాఖాన కామారెడ్డిల. వారానికొకసారి మందుల వ్యాన్ ఎల్లారెడ్డి దిక్కు పోతుండె. డాక్టరు సాబ్, కంపౌండరు, నేను, డ్రైవరు భాయ్. తాడ్వాయి, లింగంపేట దాటి ఎల్లారెడ్డిల బీడీలు చేసేటోళ్ల కాలనీ ముందట వ్యాన్ ఆపితే, ఆడోళ్లు ఒళ్లోని చాటలు పక్కకు పెట్టి వచ్చి నిలబడేటోళ్లు. ఆ చాటల తంబాకు పోసుకొని, కత్తిరించిన తునికాకుల నింపి, చుట్టి, దారం కట్టుడు. పొద్దందాక గదే పని. వ్యాన్ తలుపు తీస్తే తంబాకు వాసన గుప్పున కొడుతుండె. కొత్తల డాక్టరు సాబ్ ముక్కుకు దస్తీ కట్టుకున్నడు. నేను కట్టుకోలే. మా పుట్టిల్లు ఎల్లారెడ్డే, మా అవ్వ బీడీలు చేసే మమ్మల్ని సాదింది. నా నర్సు చదువు ఆ చాటలకెల్లే వచ్చింది. అవ్వ చెయ్యి తల నిమిరితే వచ్చే వాసన గదే.

ఆ వరుసల ఒక అక్క వస్తుండె. నాకన్న నాలుగైదేండ్లు పెద్దది. పెనిమిటి బొంబాయికి కూలికి పోయి ఆడనే పానం ఇడిసిండు. ఒక్క బిడ్డను సాది, మాచారెడ్డి దిక్కు ఇచ్చి పెండ్లి చేసింది. ఒక్కతే ఉంటుండె. మాట మస్తు హుషారు, ఊపిరే సాలదు. నాలుగు మాటలు మాట్లాడి ఒకసారి ఆగి, ఊపిరి తీసుకొని, మళ్ల అక్కన్నుంచే మొదలువెట్టేది. ఆగినప్పుడు ఎవలన్న మధ్యల మాట్లాడిండ్రా, చెయ్యి పైకి లేపి ఆపేది. తన వంతు తనదే.

డాక్టరు సాబ్ ఎక్స్‌రే చూసి చెప్పిండు. "టీబీ కాదమ్మా. ఏండ్లకేండ్లు తంబాకు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పోయినయి. ఈ పని బంద్ చెయ్యాలె."

"చేస్త సారూ. అన్నం నువ్వు పెడ్తవా?"

డాక్టరు సాబ్ ఎక్స్‌రేను మళ్ల ఇంకోసారి చూసిండు. మంచి పిల్లగాడు, ఏం చెప్తడు పాపం. నేను బయటికొచ్చి ఆమెకు పీల్చే మందు ఎట్ల పీల్చాల్నో చూపెట్టిన. అది నోట్లె పెట్టుకుంట, "నర్సమ్మా, ఇది బీడీ తాగినట్టే ఉన్నది గదనే" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఇగ అయ్యగారి సంగతి చెప్తా. ఎల్లారెడ్డిల మా చర్చి చిన్నది. గోడలకు మా బాపే సున్నం వేసిండు, నా పెండ్లి ఆడనే అయింది. పాస్టరు అయ్యగారు అప్పటికి నాలుగైదేండ్ల కింద వచ్చిండు. నలభై ఏండ్ల మనిషి. మంచి గొంతు. ఎవలకన్న పానం బాగలేదంటే వానల తడుసుకుంట వచ్చి ప్రార్థన చేసేటోడు. చెడ్డోడు కాదు. చెడ్డోడైతే నాకింత కోపం వచ్చేది కాదు, పోనీ తియ్యి అనుకుందును.

ఒకపారి హైదరాబాదుల పెద్ద మీటింగుకు పోయొచ్చిండు. వచ్చినకాడికెల్లి ఆయన నడకే మారింది. చర్చి ముందర పెద్ద ఫ్లెక్సీ కట్టించుకున్నడు, పేరు ముందట దైవజనుడు అని. ఆ వారం ప్రసంగం చేతుల మీద. దేవుని కొండ ఎక్కేటోని చేతులు శుభ్రంగ ఉండాలని దావీదు కీర్తనల ఉన్నది గదా, అది చదివి, చదివి, చివరికి ఇట్లన్నడట. "బీడీ అంటే పాపం. పాపాన్ని తయారు చేసే చేతులు ప్రభువు బల్ల ముట్టొద్దు. బీడీలు చేసే అక్కలు వచ్చే నెలకెల్లి ఎనుక కూసోవాలె. మానేసినోళ్లు ముందటికి రావొచ్చు."

నెలల మొదటి ఆదివారం మాకు బల్ల. రొట్టె ముక్క, ద్రాక్షరసం. చదువురాని ముసలవ్వ కాడికెల్లి మండలాఫీసుల పనిచేసేటోని దాక అందరు ఒక్క పల్లెంలకెల్లి తీసుకునే రోజు అదొక్కటే. ఊర్ల ఇంకెక్కడ మాకు గట్ల ఒక్క పల్లెం దొరుకుతది? అసుంటి పల్లెం నుంచి ఆడోళ్లను లేపి, తలుపుకాడ చెప్పులిడిసేతాన చాప పరిచి కూసోబెట్టిండు. మరి బీడీ తాగే మొగోళ్ల సంగతేందని మీరు అడుగుతరు. నేనూ అడిగిన. వాళ్ల కోసం ప్రార్థన నడుస్తున్నదట, ఆ అలవాటు నుంచి విడుదల కోసం ఎదురుచూస్తున్నరట. అందాక ముందు వరుసలనే కూసుంటరట! ఇది రాస్తుంటే బీపీ గోలి ఉత్తదే అని తేలింది.

నాకు ఈ సంగతి చానా రోజులు తెలవలే. ఆదివారాలు నేను కామారెడ్డిల చర్చికే పోతుంటి. ఒక శనివారం నాడు వ్యాన్ పోయింది. వరుసల అక్క కనపడలేదు. మందు తీసుకొని ఇంటికే పోయిన. పొయ్యి ముందర పీట మీద కూసోని పిండి పిసుకుతున్నది. రెండు గుద్దులు గుద్దుతది, గోడకు ఆనుకొని ఊపిరి తీసుకుంటది, మళ్ల రెండు గుద్దులు. ఉప్పు లేదు, నూనె లేదు, ఉత్త గోధుమపిండి.

"ఏంది అక్కా ఇది? పానం బాగలేనిదానివి, ఎవలకు రొట్టెలు?"

"బల్లకు. రేపు మొదటి ఆదివారం గదా. పదేండ్ల కాడికెల్లి బల్ల రొట్టె నాదే నర్సమ్మా. పొద్దుగాల అయ్యగారింట్లామె, పాస్టరమ్మ, వచ్చి తీస్కపోతది."

అప్పుడు చెప్పింది చాప సంగతి. ఎట్ల చెప్పిందనుకున్నరు, పక్కింట్ల నల్లా నీళ్లు వస్తలేవని చెప్పినట్టు చెప్పింది. చేతిలున్న మందు కింద పెట్టిన.

"నీకు పెట్టని బల్లకు నువ్వు రొట్టె చేసి పంపుతున్నవా? సిగ్గున్నదా నీకు?"

"రొట్టె ఏం పాపం చేసింది?" అన్నది. ఊపిరి తీసుకున్నది. నేను నోరు తెరిస్తే చెయ్యి లేపింది. "అయ్యగారికి తెల్వదు నేను చేస్తున్ననని. పాస్టరమ్మకు తెలుసు, ఆమె చెప్పదు. నువ్వు కూడ చెప్పకు. చెప్తే ఇది కూడ బంద్ చేస్తరు. నా చెయ్యి అందక పోయినా, నేను చేసింది పోతున్నది గదా బల్ల మీదికి."

చూడుండ్రి మరి. ఆ చేతులు మురికివని చెప్పిన నోరు, నెలనెలా ఆ చేతుల రొట్టెనే కండ్లు మూసుకొని తింటున్నది. తిని ఆమెన్ అంటున్నది.

లేచి వస్తుంటే కొంగు పట్టుకున్నది. "నర్సమ్మా, నిజం చెప్పు. నాకు ఇంక ఎన్ని దినాలున్నయి?" డాక్టరు సాబ్ నాతో చెప్పిన మాట నేను ఆమెతో చెప్పలే. కానీ నా మొఖం చూసి సమజైంది ఆమెకు. "సరే. పోయేలోపల ఒక్కసారి బల్ల తీసుకుంటే సాలు. ఇంకేం కోరిక లేదు."

వ్యాన్ల ఉడుక్కుంట కూసున్న. కంపౌండరు తమ్ముడు ఏమైందక్కా అంటే చాప సంగతంత చెప్పిన, రొట్టె ముచ్చట తప్ప. ఆయన మా మతమోడు కాదు, కానీ పేషెంట్లంటే పానం పెడ్తడు, నోరు మాత్రం అదుపుల ఉండదు. తర్వాతి వారం నేను సూదులు వేస్తుంటే ఈయన మెల్లగ దిగి, హోటల్కాడ చాయ తాగుతున్న అయ్యగారిని పట్టుకొని, పదిమందిల తిట్టరాని తిట్లు తిట్టొచ్చిండు. దొంగ అన్నడు, దుకాణం పెట్టినవు అన్నడు, ఇంకేమన్నడో రాయను.

ఏమైంది? తెల్లారి ఆదివారం అయ్యగారు ప్రసంగంల కండ్లనీళ్లు పెట్టుకున్నడు. దేవుని సేవకునికి శ్రమలు వస్తున్నయని, బయటోళ్లు కొట్టేటందుకు వచ్చిండ్రని. తిట్టిన తిట్టే ఆయన మెడల పూలదండయి పడె. చాప మీద కూసున్న ఆడోళ్లే అందరికన్న ఎక్కువ ఏడ్చిండ్రట! మళ్ల శనివారం మా వ్యాన్ పోతే కాలనీల ఒక్క తలుపు తెరుచుకోలే. "మా అయ్యగారిని తిట్టినోళ్ల మందు మాకొద్దు" అన్నరు. బీపీ గోలీలు, షుగరు గోలీలు ఎట్ల తెచ్చినవి గట్లనే వాపస్. అక్క పీల్చే మందు కూడ.

"తమ్ముడూ, నీ కోపం నీకు సల్లబడ్డది. ఆమె ఊపిరి ఎవలు పోస్తరు?" అని అరిచిన. నేను అట్ల అరిచింది కంపౌండరు ఎన్నడు చూడలేదు. మూడు వారాలు నేను, డ్రైవరు భాయ్ ఇల్లిల్లు తిరిగి బతిమిలాడి గోలీలు చేతిల పెట్టినం. అక్క తీసుకున్నది, కానీ ఆ మూడు వారాలల్ల మనిషి సగమైంది.

మా బాపు కూలి మనిషి. పొద్దూకినంక పాత నిబంధన పైకి చదివేటోడు, మేము జొన్నరొట్టె తినుకుంట వినేటోళ్లం. ప్రవక్తల గురించి ఒక్కటే చెప్పేటోడు. "తప్పు చేసిన పెద్దమనిషి ఎనుకకు పోవొద్దు బిడ్డా, ముందటికి పోవాలె. గుడి వాకిట్ల నిలబడి చెప్పిండ్రు, రాజు ఇంట్లకు పోయి చెప్పిండ్రు. చాటుకు ఒక్కడు చెప్పలే." సరే, బాపు చెప్పినట్టే ముందటికే పోత అనుకున్న. దావీదు రాజు ఇంకొకని పెండ్లాన్ని గుంజుకుంటే, నాతాను ప్రవక్త ఆ తప్పును ఎట్ల ఎత్తిచూపిండు? పేదోని గొర్రెపిల్లను ధనవంతుడు గుంజుకున్న కథ చెప్పి, రాజు నోటితోనే తీర్పు చెప్పించిండు. నేనూ ఒక కథ కట్టుకున్న. వ్యాన్ల డ్రైవరు భాయ్‌కి చెప్పి చూసిన కూడ. "బహుత్ అచ్ఛా అమ్మా" అన్నడు.

అయ్యగారింటికి పోయిన. పాస్టరమ్మ చాయ పెట్టింది, నా మొఖం చూడకుంట లోపలికి పోయింది. మొదలువెట్టిన. "అయ్యగారూ, ఒక ఊర్ల ఒక పటేలు ఉండె. ఆయన ఇంట్ల వండే ముసలామె ఉండె. ఆమె వండింది రోజు తిన్నడు గని, ఆమెను పంక్తిల కూసోనియ్యలే. గట్లాంటి పటేలును ఏం చెయ్యాలంటరు?"

ఆయన చాయ కప్పు కింద పెట్టి, చిన్నగ నవ్విండు. "అమ్మా, నాతాను కథ నాకే చెప్తున్నరా? ఆ పటేలును నేనే అంటరు, అంతే గదా?"

నా కథ నోట్లెనే సచ్చింది. బైబిలు కాలేజీల చదువుకున్నోని ముందర నేను గొర్రెపిల్లను తోలుకపోయిన. మీరు నవ్వుతరు, నవ్వుండ్రి, ఇప్పుడు నాకూ నవ్వొస్తది.

తర్వాత ఆయన నవ్వు పోయింది. "మీరు పెద్దోళ్లు, మా చర్చి బిడ్డలు, గౌరవమిస్త. కానీ బోధ నా బాధ్యత. 'నేను అభిషేకించినవాళ్లను ముట్టొద్దు' అన్నడు దేవుడు. మొన్న ఒకాయన ముట్టిండు. మీరు ముట్టకుండ్రి."

చాయ తాగకుంటనే లేచొచ్చిన. ఆ అభిషేకం మాటకు ఎంతమంది నోళ్లు మూసుకున్నరో మీకు తెల్వదు. లెక్క అడిగితే అభిషిక్తుడు, తప్పంటే అభిషిక్తుడు. ఇంటికొచ్చి, ఆ మాట ఉన్న కీర్తన తీసి మొదటికెల్లి చదివిన. చదివి ఇంకోసారి చదివిన. ఓరి దేవుడా! ఎవల గురించి చెప్పిండు ఆ మాట? యాజకుల గురించా? రాజుల గురించా? భూమి లేక, గుప్పెడు మంది, ఈ దేశం నుంచి ఆ దేశానికి తిరుక్కుంట బతికినోళ్ల గురించి. పరాయి నేల మీద పరాయోళ్లుగ ఉన్నోళ్ల గురించి. వాళ్ల జోలికి పోవద్దని రాజులనే గద్దించిండు దేవుడు. పెద్దోళ్ల నుంచి చిన్నోళ్లను కాపాడే మాటను తీసుకపోయి, చిన్నోళ్ల నోరు మూసే మూత చేసుకున్నరు వీళ్లు.

ఇంకొకటి కూడ తట్టింది. హన్నా అని ఒకామె, బిడ్డలు లేక గుడిల గొంతు రాకుంట ఏడుస్తుంటే, ఏలీ అనే యాజకుడు చూసి తాగినవా అన్నడు. ఆమె తరఫున ఏ ప్రవక్తా రాలే. ఆమెనే చెప్పుకున్నది, అయ్యా నేను తాగలే, నా కడుపుల దుఃఖం చెప్పుకుంటున్న అని. మర్యాద తప్పలే, మాటా తప్పలే. ఆ ముసలాయన విని, తన మాట మార్చుకొని, దీవించి పంపిండు. అప్పుడు సమజైంది నాకు, అక్కకు నోరు లేకనా నేను పటేలు కథలు కట్టుకున్నది?

తర్వాతి వారం పోయి అక్కకు అన్ని చెప్పిన. అక్క గోడకు ఆనుకొని కండ్లు మూసుకొని విన్నది. కండ్లు తెరిచి, "ఈ నెల రొట్టె పంపను" అన్నది. "నేనే వస్త."

ఆదివారం మా వ్యాన్ తియ్యొద్దు. డ్రైవరు భాయ్ తన తమ్ముని ఆటో తెచ్చిండు. మందు, నీళ్లు, దిండు పెట్టుకొని అక్కను తీసుకపోయినం. చర్చి కాడ ఆయన చేతులిచ్చి దించి, "నేను ఈడనే ఉంట, ఊపిరాడకపోతే పిలువు అమ్మా" అని ఆటోల కూసున్నడు. ఆమె ముందటికి పోలే. పోయి చాప మీదనే కూసున్నది, బీడీలు చేసే ఆడోళ్ల నడుమ. నేను కూడ ఆమె పక్కకే కూసున్న.

పాటలైనయి, ప్రసంగమైంది. అయ్యగారు బల్ల కాడికి వచ్చి, తెల్లగుడ్డ ఎత్తిండు. ద్రాక్షరసం ఉన్నది. పల్లెం ఖాళీ.

అయ్యగారు పాస్టరమ్మ దిక్కు చూసిండు. పాస్టరమ్మ తలకాయ వంచుకున్నది. ఆయన గుడ్డ మళ్ల కప్పి, సంఘపెద్ద చెవుల ఏదో చెప్పిండు. ఆ ముసలాయన చెప్పులేసుకొని బస్టాండ్ దిక్కు ఉరికిండు. అందాక అందరం ఒక్కటే పాట పాడినం. పాడిన చరణమే మళ్ల మళ్ల పాడి గొంతులు ఎండినయి. ముసలాయన వచ్చిండు, చేతిల బేకరీ బన్ను. తియ్య బన్ను! ఎర్రవి పచ్చవి ముక్కలుంటయి సూడు, అది. అయ్యగారు ఆ ముక్కలు గోటితో పీకి పీకి పల్లెం అంచుకు పెట్టి, బన్ను తుంచి నడుమ వేసిండు. చిన్నపిల్లలు కిసకిస నవ్విండ్రు.

అప్పుడు అక్క నా భుజం పట్టుకొని లేచింది.

"అయ్యా, ఒక మాట."

"అమ్మా, బల్ల కాడ మాట్లాడొద్దు. కూసో."

"కూసుంట. ఎక్కువసేపు నిలబడేదాన్ని కూడ కాదు." ఊపిరి తీసుకున్నది. అయ్యగారు నోరు తెరిచిండు, చెయ్యి లేపి ఆపింది. "పదేండ్ల కాడికెల్లి ఈ బల్ల రొట్టె నేనే చేసిన. నువ్వు నన్ను ఎనుక కూసోబెట్టినంక కూడ నేనే చేసిన. నెలనెలా తిన్నవు. ఒక్కనాడన్న తంబాకు వాసన వచ్చిందా అయ్యా నీకు?"

అయ్యగారి మొఖం సున్నం వేసినట్టయింది. పాస్టరమ్మ ఏడుస్తున్నది. ఆయన గొంతు సవరించుకొని అదే మాట ఎత్తిండు, అభిషేకించినవాళ్లను ముట్టొద్దని.

అప్పుడు నేను లేచిన. అరవలే. దేవుని తోడు, అరవాలని ఒళ్లంత మండింది, అరవలే. "అయ్యగారూ, ఆ కీర్తన తియ్యుండ్రి. మీరే చదువుండ్రి. ఆ మాటకు పైన ఏమున్నదో అందరు వినేటట్టు చదువుండ్రి." అందరి బైబిళ్లు తెరుచుకున్నయి. ఇగ ఆయన చదువక తప్పలే. మంచి గొంతు అని చెప్పిన గదా, చదువుకుంట పోతుంటే ఆ గొంతు సన్నబడ్డది. గుప్పెడు మంది అనేకాడ ఆగిండు. దేశం పట్టుకొని తిరిగినోళ్లు అనేకాడ ఇంకోసారి ఆగిండు. ఆ చర్చిల బొంబాయికో దుబాయికో పోయిన మనిషి లేని ఇల్లు ఒక్కటి లేదు.

సంఘపెద్ద, బన్ను తెచ్చిన ముసలాయన, మెల్లగ అన్నడు. "అయ్యా, గిది మా పిల్లల ముచ్చట లెక్కనే ఉన్నది."

అయ్యగారు పల్లెం తీసుకొని, ముందు వరుసల నడుమకెల్లి, చెప్పులిడిసేతాన చాప కాడికి వచ్చి మోకాళ్ల మీద కూసున్నడు. మొదటి ముక్క అక్క ముందర పెట్టిండు.

తీసుకుంటే అయిపోతుండె. ఆమె ఆ ఒక్క ముక్క కోసమే అంతదూరం వచ్చింది. కానీ చెయ్యి లేపి, "ముందుగాల వీళ్లకు" అన్నది. చాప మీద ఉన్న ఒక్కొక్క ఆడామె దిక్కు చూపెట్టుకుంట పోయింది. ఒక్కొక్కరు ఏడుసుకుంట తీసుకున్నరు. అందరికి అయినంక పల్లెం ఆమె ముందటికి వచ్చింది. పల్లెంల ఎర్ర ముక్కలు, పచ్చ ముక్కలు తప్ప ఏం లేవు. ఒక్క బన్ను ఎంతమందికని వస్తది? ఏనాడన్న రొట్టె చేసిన మొఖమా అది తెచ్చింది?

అక్క పల్లెం చూసింది, అయ్యగారి మొఖం చూసింది. నవ్వింది. "నేను చేస్తే సరిపోతుండె అయ్యా" అన్నది.

రేపు నేనే ఇంటికి తెస్తనమ్మా అని మాట ఇచ్చిండు అయ్యగారు. తెల్లారి నిజామాబాదుల ఏదో పాస్టర్ల మీటింగున్నదట, మర్నాడు ఎవలదో పెండ్లట. ఆ పెండ్లినాటి రాత్రి తెల్లారకముందే అక్క పానం పోయింది. రొట్టె ఆమె ఇంటికి రాలే. ఎవల పెండ్లో నాకు తెల్వదు, తెలుసుకుంటే వాళ్ల మీద కూడ కోపం వస్తదని తెలుసుకోలే.

సమాధి కాడ అయ్యగారు బైబిలు తెరిచి, ఈమె గొప్ప విశ్వాసురాలు అని మొదలువెట్టిండు. నేను ఎదురుంగ నిలబడి ఆయన కండ్లల్లకే చూసిన. ఆయన ఆగిండు. బైబిలు మూసి, "ఈమె చేసిన రొట్టె నేను తిన్న, ఈమెకు నేను పెట్టలే" అని అందరి ముందర ఒప్పుకున్నడు. మాచారెడ్డికెల్లి వచ్చిన బిడ్డ బోరున ఏడ్చింది.

ఒప్పుకున్నడు గదా, ఇంకెందుకు కోపం అంటరు అందరు. కంపౌండరు తమ్ముడే అన్నడు, ఎంత తిట్టినోడు. దావీదు కూడ ఒప్పుకున్నడు తమ్ముడూ. ఒప్పుకున్నడు, ఏడ్చిండు, నేల మీద పడుకున్నడు. కానీ ఆ తప్పుకు పుట్టిన పిల్లగాడు బతకలే. పాత నిబంధన రాసినోళ్లు అది దాచలే, నేనెందుకు దాస్త?

నర్సు పిల్లలూ, మీరు పేషెంట్ల ఇండ్లకు పోయే నౌకరిల ఉన్నరు బిడ్డా. ఇసుంటి అయ్యలు అన్ని తీర్ల ఉంటరు, అన్ని గుళ్లల్ల, అన్ని ఆఫీసులల్ల ఉంటరు. ఎనుక తిట్టకుండ్రి. ముందటికి పొండ్రి. మీ పేషెంటుకు నోరున్నదేమో ముందు అడుగుండ్రి. ఉంటే, ఆమె పక్కకు నిలబడుండ్రి.

తర్వాతి మొదటి ఆదివారం నేను ఎల్లారెడ్డికి పోయిన. చాప లేదు. ఆ నెల రొట్టె బీడీలు చేసే ఆడోళ్లందరు కలిసి చేసిండ్రు, తలుపుకాడికే వాసన వస్తుండె, గోధుమ వాసన, తంబాకు వాసన. ముందటికెల్లి ఎనుక దాక అందరికి సరిపోయింది. ఒక ముక్క మిగిలింది. అయ్యగారు ఆ ముక్క చేతిల పట్టుకొని నిలబడ్డడు, ఎక్కడ పెట్టాల్నో తెల్వక. నేను ఆయన దిక్కే చూసుకుంట కూసున్న. చూపు తిప్పలే.